పరస్థల నివాసము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను కాను. సహకార సంఘమున చిట్టా, ఆవర్జా వ్రాసికొనువాడను. ఏ గురువు పాదముల కడను కావ్యపాఠము చెప్పించుకొనలేదు. చదివినదెల్ల గ్రంథాలయముల బల్లల మీదనే చదివితిని. కావున సాహిత్యమును గూర్చి ఉపన్యసించు సాహసము చేయక, మన యిండ్లలో నేడు ప్రతిదినము వినబడుచున్న యొక విషయమును గూర్చి మాటలాడ దలచితిని. ఊరు విడిచి, ముక్కు మొగము ఎరుగని పట్టణమునకు పోయిన మనుష్యుడు అచ్చట దినదినము ఎట్లు బ్రదుకును, అతనికి ఏమి కావలయును అనునదే ఆ విషయము.

పరస్థలమనగానే అమెరికా యనియో, దుబాయి యనియో తలపవలదు. మన యూరిలో బస్సెక్కినవాడు నాలుగు గంటలలో దిగు హైదరాబాదు నగరమే నేను చెప్పబోవు పరస్థలము. అందును చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ అను మూడు పేటలు. మన గ్రామపు పిల్లలు తొమ్మండుగురు నేడు అచ్చట సర్కారు కొలువుల పరీక్షలకు చదువుచున్నారు. ఆరుగురు మగపిల్లలు, ముగ్గురు ఆడపిల్లలు. ఆ ముగ్గురిలో మా అమ్మాయియు నొకతె. మనదొక్క గ్రామమే కాదు. తెలంగాణములోని ఏ జిల్లా పిల్లవాడైనను కొలువు పరీక్షకు కూర్చుండ దలచినచో ముందుగా అడుగునది అశోక్ నగర్ త్రోవయే. 2014కు పూర్వము ఆంధ్ర ప్రాంతపు పిల్లలును అచ్చటికే వచ్చుచుండిరి.

ఈ మూడు పేర్లను ఒకమారు మనస్సున నుంచుకొని చూడుడు. ఒకటి పల్లి, ఒకటి గూడ, ఒకటి నగరు. పల్లియనిన మనదివంటి ఊరు. గూడయనిన నాలుగిండ్ల గూడెము. నేడు వాని నడుమ పొలిమేర కానరాదు. నారాయణగూడనుండి చిక్కడపల్లి మీదుగా ఆర్.టి.సి. చౌరస్తాకు నడచిపోవువానికి ఎచ్చట ఒకటి ముగిసి మరియొకటి మొదలైనదో తెలియదు. నేల మీద బస్సులు, స్తంభముల మీద 2020 ఫిబ్రవరిలో నడువ మొదలిడిన మెట్రో రైలు, చౌరస్తా కడ దానికిని పైగా 2023 ఆగష్టులో తెరచిన ఉక్కు వంతెన. మూడంతస్తులుగా మనుష్యులు పరుగెత్తుచుందురు. అయినను ఆ పేటలు తమ పేర్లలో పల్లెను మరువలేదు. పల్లెలు కలిసియే పట్టణమైనదని ఆ పేర్లే చెప్పుచున్నవి. క్రొత్తగా పోవువానికి ఇది కొంత ధైర్యము నిచ్చు మాట.

1993వ సంవత్సరము జూన్ నెలలో నేను మొదటిసారి అచ్చటికి పోయితిని. అప్పుడు నాకు ఇరువదిమూడేండ్లు. చేత బి.కాం. పట్టా యుండెను. మా నాయన ఎడ్లజతను అమ్మి, వచ్చిన ఆరువేల రూపాయలు నా చేతిలో పెట్టి, "ఏడాదిలో కొలువు సంపాదించుకొని రా నాయనా" అని బస్సెక్కించెను. ఆ దినములలో బస్సులు గౌలిగూడలో నిలుచుచుండెను. ఆ పెద్ద రేకుల గుమ్మటము 2018 జూలైలో కూలిపోయినది. దాని క్రింద పెట్టె పట్టుకొని నిలుచుండి, ఎవరిని దారి అడుగుదునా యని అరగంటసేపు మొగములు చూచితిని. ప్రతివాడును ఏదో పని మీద పోవుచుండెను. ఊరక నిలుచున్నవాడను నేనొక్కడనే.

చిక్కడపల్లిలో ఒక మేడ మీది గది నలుగురము కలిసి అద్దెకు తీసికొంటిమి. అద్దె ఆరువందలు, తలకు నూటయేబది. నల్లా రోజు విడిచి రోజు వచ్చెడిది. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి బిందెలు నింపుకొననిచో ఆ రెండు దినములు నీటికి కటకట. భోజనము మెస్సులో. మొదటి నెలలో ఆ పులుసు నా నోటికి పట్టలేదు. శ్రీనాథునంతటివాడే పరదేశమున తిండి సరిపడక విసిగికొనెనని విన్నప్పుడు నాకు కొంత ఊరట కలిగెను. రెండవ నెలకు నాలుకయే లొంగినది.

క్రొత్త చోటికి పోయినవానికి తల దాచుకొను చోటు, కడుపు నిండు చోటు కావలయునని అందరును ఎరుగుదురు. తల్లిదండ్రులును ఆ రెంటికే డబ్బు కట్టి పంపుదురు. అయితే మూడవది యొకటి కలదు. అది కూర్చుండు చోటు. ఈ సంగతి అచ్చటికి పోవువరకు నాకును తోచలేదు. మన యూరిలో కూర్చుండుటకు చోటు వెదుకవలసిన పని లేదు. ఇంటి ముందు అరుగు కలదు, రచ్చబండ కలదు, గుడి మెట్లు కలవు, చెరువుగట్టు కలదు. ఎంతసేపు కూర్చున్నను ఎవరును లెమ్మనరు. పట్టణమున కూర్చుండుటకు వెల యున్నది. హోటలులో కూర్చున్నచో చాయ త్రాగవలయును. త్రాగి ముగించినచో లేవవలయును. గదిలో నలుగురి చాపలు పరచినచో కాలు పెట్టుటకు చోటుండదు. వెల చెల్లింపక, ఎవరికిని అడ్డము కాక, ఒక మనుష్యుడు ప్రొద్దుననుండి సాయంకాలమువరకు కూర్చుండదగిన చోటు ఆ పేటలో నాకు ఒక్కటియే కనబడెను. అది చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము.

గ్రంథాలయములు ఎవరి దయవలననో నడచుచున్నవని మనము భ్రమపడుదుము. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సుంకముగా మనమే చెల్లించుచున్నాము. మన సుంకము జిల్లా గ్రంథాలయ సంస్థకు, నగరవాసుల సుంకము నగర గ్రంథాలయ సంస్థకు చేరును. అనగా అరుగు లేని పట్టణమున నలుగురును కలిసి తలకొంత వేసికొని కట్టించుకొన్న అరుగే గ్రంథాలయము. అచ్చట కూర్చున్నవాడు ఎవరికిని అతిథి కాడు.

ఇక నాలుగవ కొరత యొకటి. పేరు పెట్టి పిలుచువారు లేకుండుట. మెస్సులో నేను "రెండవ బల్ల". ఇల్లుగలవారికి "మేడ మీది గది". బస్సులో "ముందుకు జరుగు". నా పేరు నేను మరువకుండుటకు ఇంటినుండి వచ్చు పదునైదు పైసల కార్డు మీది చిరునామాయే ఆధారము. సభాసదులారా, ఇది నవ్వుటకు చెప్పిన మాట కాదు. వారము దినములు ఎవరి నోటను తన పేరు వినబడనివాడు లోలోపల చిక్కిపోవును.

ఇప్పుడు ఇంతవరకు ఈ యూరిలో ఎవరికిని చెప్పని మాట యొకటి చెప్పుచున్నాను. మొదటి యేడు పరీక్ష వ్రాసి తప్పితిని. తప్పుట వింత కాదు, వేలమంది తప్పిరి. కాని ఆ సంగతి ఇంటికి వ్రాయుటకు నాకు చేయి రాలేదు. ఎడ్లజత కండ్ల ముందు నిలుచుచుండెను. "మరల వ్రాయుచున్నాను" అని కార్డు వ్రాసితిని. అది అబద్ధము. చిక్కడపల్లి బజారులో ఒక కిరాణా దుకాణమున లెక్కలు వ్రాయుటకు కుదిరి, ఆ జీతముతో మెస్సు బాకీ తీర్చుకొనుచు, సాయంకాలములందు గ్రంథాలయమునకు పోవుచుంటిని. పరీక్ష పుస్తకము చేత పట్టినచో గుండె దడదడలాడెడిది. అందుచేత దానిని విడిచి, బీరువాలోని భారతమును తీసితిని. మొదట విరాటపర్వము. అర్థము కాని మాట నిఘంటువులో చూచుకొనుచు, దినమునకు నాలుగు పద్యములు, పది పద్యములు. ఈ విధముగా ఒక సంవత్సరము గడచెను. రెండు సంక్రాంతులకు ఊరికి రాలేదు. అడిగినచో "పరీక్ష దగ్గరపడినది" అని వ్రాసితిని.

నేను విరాటపర్వమునే చేత పట్టుట యాదృచ్ఛికమే. అయినను అది నా కథయే యని తోచెను. పాండవులు తమ పేర్లు దాచుకొని పరాయి పట్టణము చేరబోవు వేళ ధౌమ్యుడు వారికి కొలువు నీతి చెప్పును. ఎండవానలు ఓర్చుకొమ్మనును; ఆకలిదప్పులు పైకి చెప్పుకొనవలదనును; సొంత యిల్లు, పరుల తావు అని భేదమెంచక మెలగుమనును. తిక్కన సోమయాజి చేతిలో ఆ భాగము ఎంత చక్కగా వచ్చినదో చదివినవారెరుగుదురు. రాజసేవకులకు చెప్పిన నీతియని పండితులందురు. మెస్సులో రెండవ బల్ల వద్ద కూర్చున్న నాకు అది మా గదిలోని నలుగురికిని చెప్పిన నీతిగా వినబడెను.

ధౌమ్యుని నీతి వినియు పాండవులు మరియొక జాగ్రత్త చేసికొనిరి. లోకమునకు కంకుడు, వలలుడు అని పేర్లు పెట్టుకొన్నను, తమలో తాము పిలుచుకొనుటకు జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అను అయిదు రహస్య నామములను వేరుగా ఉంచుకొనిరి. అంతటి వీరులకును తమవారు పిలుచు పేరొకటి లేక పరస్థలమున దినము గడవదని వ్యాసమహర్షికి తెలియును. నాకా పేరు లేకపోయెను. ఉన్న పేరును నేనే దాచుకొని తిరుగుచుంటిని.

ఒకనాటి సాయంకాలము గ్రంథాలయ ఉద్యోగి యొకరు నన్ను బల్ల కడకు పిలిచిరి. "ఏమయ్యా, మూడు నెలలుగా చూచుచున్నాను. నీవు భారతము తప్ప మరియొక పుస్తకము అడుగుట లేదు. పరీక్ష మానుకొంటివా?" అని అడిగిరి. నేను తల వంచుకొంటిని. "మీ నాయనకు తెలుసునా?" అనిరి. నా నోట మాట రాలేదు. ఆయన కోపింపలేదు. "ముందు ఊరికి పోయి ఆ మాట చెప్పి రా. భారతము ఎక్కడికిని పోదు" అనిరి. ఆ నగరమున నా మొగము చూచి, నా సంగతి గుర్తించిన మొదటి మనుష్యుడాయన. చదువుకొనుటకు వచ్చు వందలమందిలో ఒక్కడేమి చదువుచున్నాడో చూచుట ఆయన విధిలోనిది కాదు. అయినను చూచెను.

1995 ఎండాకాలమున ఊరు చేరితిని. మా నాయన వాకిట మంచము మీద కూర్చుండియుండెను. నన్ను చూచి, "అన్నము తింటివా?" అని అడిగెను. తినిన తరువాత ఉన్న సంగతి చెప్పితిని. చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఎడ్లను మరల కొనుక్కొందము. పండుగకు నీవు రాలేదని మీ అమ్మ ఏడ్చినది" అనెను. అంతే. ఆ మాటతో నా యింటిలో నాకు చోటు దొరికెను.

కాని వీధిలో దొరకలేదు. తప్పు పట్టుటకు చెప్పుట లేదు. అడిగినవారందరును నా మేలు కోరినవారే. "ఉద్యోగమేమైనది?" అని పెద్దవీధిలో ప్రతి అరుగు మీదినుండియు ప్రశ్న వచ్చుచుండెను. సహకార సంఘమున లెక్కలు వ్రాయు పని దొరికిన తరువాత గూడ ఒక యేడు పొడుగునను నేను ఆఫీసునకు పెద్దవీధిన పోక, చెరువుగట్టు చుట్టి పోవుచుంటిని. నా పుట్టినయూరిలో నాకది పరస్థల నివాసము. చిక్కడపల్లిలో నన్నెవరును పేరు పెట్టి పిలువలేదని దుఃఖించితిని. ఇచ్చట పేరు పెట్టి పిలుతురేమోయని భయపడితిని.

ఇట్టి దుఃఖము నాతో పుట్టినది కాదు. హైదరాబాదు నగరమున తెలుగువాడే పరాయివాడై యుండిన కాలమొకటి కలదు. 1921 నవంబరులో వివేకవర్ధని పాఠశాలలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారను వకీలు తెలుగున ప్రసంగింప లేచినంతనే, సభలోని కొందరు గేలి చేసి ఆయనను సాగనీయలేదు. ఆ యవమానమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టినది. అంతకు ఇరువదియేండ్లు ముందే, 1901 సెప్టెంబరు 1వ తేదీన, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు అందుకు తోడ్పడిరి. నేటికిని అది సుల్తాన్ బజారులో నిలిచియున్నది. పరాయి పట్టణమున తమ మాట వినబడునట్టి చోటొకటి కావలయునని తోచినప్పుడు ఆ పెద్దలు కోట కట్టలేదు, గ్రంథాలయము పెట్టిరి.

మాడపాటి హనుమంతరావుగారు కృష్ణా జిల్లాలో పుట్టి, మన సూర్యాపేటలో పెరిగి, నగరమునకు వచ్చి వకీలుగా స్థిరపడిన వారు. ఆయన ప్రోత్సాహమున 1928లో ఏర్పడిన తెలుగు బాలికల పాఠశాల నేడు నారాయణగూడలో ఆయన పేరనే యున్నది. ఒకప్పుడు క్రొత్తవాడుగా వచ్చిన ఆయనయే 1951లో నగరమునకు మొదటి మేయరయ్యెను. సురవరము ప్రతాపరెడ్డిగారు పాలమూరు సీమనుండి వచ్చి, రెడ్డి విద్యార్థి వసతిగృహమును చూచుకొనుచు, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. వీరందరును తాము నిలదొక్కుకొనుటతో తృప్తిపడక, తరువాత వచ్చువానికి ఒకరు బల్ల, ఒకరు బడి, ఒకరు పత్రిక అమర్చి పోయిరి. క్రొత్తవాడు పాతవాడగుట యెట్లని అడిగినచో నేనిదియే చెప్పుదును. తన తరువాత వచ్చినవానికి చోటు చూపిననాడు వాడు ఆ యూరివాడగును.

ఇక నేటి సంగతి. మా అమ్మాయి 2023లో అశోక్ నగర్‌కు పోయినది. నేను పోయినప్పుడు మా గదుల వీధిలో చదువుకొనుటకు వచ్చిన ఆడపిల్లలు నాకు కనబడలేదు. నేడు సందుసందునను ఆడపిల్లల వసతిగృహములు కలవు. గదికి ముగ్గురు. భోజనముతో గూడ నెలకు ఆరువేలు. 2023 డిసెంబరునుండి ఆడవారికి ఆర్.టి.సి. బస్సులలో టికెట్టు లేకపోవుటచే పండుగకు వచ్చిపోవుట సులభమైనది. చేతిలో డబ్బు తగ్గినప్పుడు పిల్లలకు నగరపాలక సంస్థవారు 2014లో మొదలిడిన అయిదు రూపాయల భోజనము అక్కరకు వచ్చుచున్నది. వరుసలో నిలుచుండుటకు వారు సిగ్గుపడుట లేదు. అది నాకు సంతోషము. నేను పస్తుండియు సిగ్గుచే ఎవరిని అడుగలేకపోయిన దినములు కలవు.

గడచిన వానకాలమున ఆమెను చూడబోయి, మూడు దినములు నిలిచి, మరల ఆ గ్రంథాలయమునకు పోయితిని. లోపల బల్లలు చాలక పిల్లలు వసారాలలోను, ఆవరణమున చెట్ల క్రిందను కుర్చీలు వేసికొని చదువుచుండిరి. పలువురు తమ కుర్చీలను తామే కొనితెచ్చుకొని, మారిపోకుండుటకు వెనుక పేర్లు వ్రాసికొనిరి. మా అమ్మాయి కుర్చీ వెనుక తన పేరు లేదు. మన యూరి పేరున్నది. ప్రక్కనున్న పిల్ల నవ్వుచు, "మేమందరము ఆమెను ఆ పేరుతోనే పిలుతుమండి" అని చెప్పినది. ఇంతదూరమున, ఎవరికిని తెలియని మన పల్లె పేరు దినమునకు పదిసార్లు పలుకబడుచున్నదని విని నాకు గొంతు పట్టుకొనెను.

ఆ పిల్లల ఓర్పు సామాన్యమైనది కాదు. 2022లో 503 గ్రూపు-1 కొలువులకు ప్రకటన వచ్చినది. అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగినది. ప్రశ్నపత్రములు ముందుగా బయటపడిన కారణమున 2023 మార్చిలో దానిని రద్దు చేసిరి. జూన్‌లో మరల వ్రాసిరి. ఉన్నత న్యాయస్థానము తీర్పుచే సెప్టెంబరులో అదియు రద్దయినది. 2024 ఫిబ్రవరిలో 563 కొలువులకు క్రొత్త ప్రకటన వెలువడి, జూన్‌లో మూడవసారి వ్రాయవలసివచ్చినది. ఒక్క మెట్టునే మూడుమారులు ఎక్కిరి. పంట చేతికి వచ్చు వేళ వడగండ్లు పడినచో మనము ఇరుగుపొరుగువారిని ఓదార్చుదుము. చదువుకొను పిల్లవానికి అట్టి వడగండ్లు పడినప్పుడు "ఇంకను కాలేదా?" అని అడుగుదుము.

ఈ మాట నేను మీకు చెప్పుటకు ముందు నాకే చెప్పించుకొంటిని. ఆ సాయంకాలము ఇందిరా పార్కు వైపు నడచుచుండగా మా అమ్మాయి, "నాన్నా, చదువు నాకు బరువు కాదు. ఇంటినుండి ఫోను వచ్చినప్పుడే బరువుగా నున్నది" అనినది. ఎందుచేతనని అడిగితిని. "నీవు మొదట అడుగునది నోటిఫికేషను ఎప్పుడు, ఫలితమెప్పుడు అని. నేను తిన్నానో లేదో రెండు నెలలుగా అడుగలేదు" అని మెల్లగా చెప్పినది. ముప్పది సంవత్సరముల క్రిందట చెరువుగట్టు చుట్టి తిరిగినవాడను నేను. మా నాయన అడిగిన ప్రశ్న మరచి, వీధి అడిగిన ప్రశ్న నేర్చుకొంటిని. ఆ దినమునుండి నేను మొదట అన్నము సంగతియే అడుగుచున్నాను. పరీక్ష సంగతి ఆమె చెప్పదలచినప్పుడు తానే చెప్పుచున్నది.

నలుని కథ మీరెరిగినదే. రాజ్యము పోగొట్టుకొని, రూపము మారి, బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణుని కొలువున చేరెను. అచ్చట అతడు రాజ్యము సంపాదింపలేదు. తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూచినంతనే లెక్కించు విద్యను నేర్చెను. ఆ విద్యయే తరువాత అతనిని నిలువబెట్టెను. లెక్కలు వ్రాసికొనువాడను గనుక ఆ ఘట్టము నాకు మిక్కిలి యిష్టము. పరస్థలమునకు పోయినవాడు తాను కోరి పోయినదానితోనే తిరిగి రావలయునను నియమము లేదు. నేను కొలువునకై పోయితిని. లెక్క వ్రాయు నేర్పును, తిక్కనను తెచ్చుకొంటిని. 2000వ సంవత్సరమున మన గ్రంథాలయమును ప్రారంభింప దలచినప్పుడు నలుగురితో నేనును తిరిగితిని. ఎందుకు తిరిగితినో ఇప్పుడు మీకు తెలిసినది.

సభవారికి మూడు మనవులు చేసి ముగింతును.

మొదటిది. నగరమున నున్న పిల్లలతో మాటలాడునప్పుడు ముందుగా వారి తిండి, నిద్ర, స్నేహితుల సంగతి అడుగుడు. ఇంటి సంగతులు చెప్పుడు. ఆవు ఈనినదనియో, జామచెట్టు కాచినదనియో చెప్పుడు. కొలువు మాట చివర రానిండు. రాకున్నను చింత లేదు.

రెండవది. తిరిగి వచ్చినవారిని ఓడివచ్చినవారుగా చూడవలదు. మూడేండ్లు ఆ బల్లల కడ చరిత్ర, రాజ్యాంగము, అర్థశాస్త్రము, గణితము చదివినవాడు ఊరికి తిరిగి వచ్చుట నష్టము కాదు. అట్టివారు మన యూరిలో ఇప్పుడు నలుగురు కలరు. వారానికి రెండు సాయంకాలములు మన గ్రంథాలయమున పదవతరగతి పిల్లలకు వారిచే పాఠములు చెప్పింపవలయునని కార్యవర్గమును కోరుచున్నాను.

మూడవది లెక్క. నెలకు ఆరువేల చొప్పున ఒక్కరికి ఏడాదికి 72,000 రూపాయలు, తొమ్మండుగురికి 6,48,000. మన యూరి కష్టార్జితము ఇంత ప్రతి యేడును వసతిగృహములకు పోవుచున్నది. పోవలదని నేననను. తుదకు పోక తప్పదు. కాని మొదటి యేటి చదువు ఇచ్చటనే సాగినచో ఆ భారము కొంత తగ్గును. పది కుర్చీలు, రెండు ఫ్యాన్లు, రాత్రి పదిగంటలవరకు దీపములు, కావలసిన పుస్తకములు. వీనికి నేను వేసిన అంచనా నలుబదివేలు. ఒక్క పిల్లవాని ఏడు నెలల వసతికి పట్టునంత సొమ్మును కాదు. ఇందులో నా వంతు అయిదువేలు ఈ సభలోనే చెల్లించుచున్నాను. రాత్రి తలుపు మూయు పనియు నాదే. తాళపుచెవి నా చేతికిండు.

పట్టణము క్రొత్తవానికి పరాయిగా నుండుట సహజము. నాలుగు నెలలు తిరిగినచో నీళ్ళ వేళ తెలియును, మెస్సు పులుసు నోటికి పట్టును, ఏ బల్ల కడ గాలి వచ్చునో తెలియును. ఊరు మాత్రము తన పిల్లలకు పరాయి కారాదు. వారు బస్సు దిగి పెద్దవీధి మీదుగానే ఇంటికి నడచి రాగలిగినచో మన గ్రంథాలయపు ఇరువదియైదేండ్ల కృషి ఫలించినట్లే.